గిటార్‌కి కొట్టిన కన్నం

శాలిబండ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో వాయించే కుర్రాళ్ల గిటార్లు చూస్తుంటాను. చెక్కకేం కాదు, మెడ వంగదు, తీగలు కొత్తవే. వైరు గుచ్చితే మాత్రం గరగర. లేదంటే ఐదు తీగలు ఒక ఎత్తు, మూడో తీగ ఒక్కటీ ఒక ఎత్తు. నేరమంతా పక్క చెక్కలో బిగించిన నల్ల ప్లాస్టిక్ పెట్టెదే అనుకుంటారు. బాస్, ట్రెబుల్ గుండీలూ, ట్యూనరూ, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉండేది అందులోనే. సగం నేరం దానిదే, సరే. మిగతా సగం బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ కింద ఉంటుంది. దాన్నెవరూ తీసి చూడరు.

ముందు పెట్టె సంగతి. మంచి గిటార్ యాభై ఏళ్లు నిక్షేపంగా బతుకుతుంది. పెట్టె అంతకాలం బతకదు. గుండీల్లో దుమ్ము చేరుతుంది, మరిచిపోయిన బ్యాటరీ కారి రేకులు పచ్చబడతాయి. వైరు గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. జాక్‌లోకి దిగే ప్లగ్గే దానికి స్విచ్చి మరి. ఈ ముక్క గిటార్ అమ్మేటప్పుడు చెప్పేవాళ్లు తక్కువ.

చెడితే కొత్తది వేసుకోవచ్చు కదా అంటే, కన్నం అడ్డొస్తుంది. ఈ పెట్టెలకి అందరూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో జాకు, వైరు, సోల్డరు ఏది కావాలన్నా దొరుకుతుంది. మన గిటార్‌కి ఫ్యాక్టరీలో ఏ కొలత కన్నం కొట్టారో ఆ కొలత పెట్టె దొరకాలి కదా! కన్నం చిన్నదైతే కాస్త పెంచుకోవచ్చు. పెద్దదైతే ఏం చేస్తాం? పైగా ఆ పక్క చెక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లే. రంపం జారితే ఇక అంతే.

నా గిటార్ పట్టుకెళ్లింది పత్థర్‌గట్టీ వెనక సందులో హార్మోనియాలూ సితార్లూ బాగుచేసే చాచా దగ్గరికి. సితార్‌కి జవారీ తీసిన చెయ్యి ఆయనది. బ్రిడ్జి మీద ఎముకని వెంట్రుకవాసి అరగదీసి తీగ పలుకే మార్చేస్తాడు. ఆయన పెట్టె జోలికే పోలేదు. తీగలు వదులు చేసి, శాడిల్ ఎముక పీకి, అడుగున పెన్సిల్‌తో అడ్డగీతలు గీశాడు. గాజుపలక మీద ఉప్పుకాగితం పరిచి, ఎముకని నిలువుగా పట్టుకుని రుద్దాడు. తిప్పి చూస్తే చివర్ల గీతలు చెరిగాయి, నడుమ గీతలు అలాగే ఉన్నాయి. అంటే అక్కడ గుంట ఉందన్నమాట. సరిగ్గా నా మూడో తీగ కిందే.

"చాచా, కరెంటు పని ఎప్పుడు మొదలుపెడతరు?" అన్నాను.

"గిదే సాబ్ కరెంటు పని. ఎముక సక్కగ కూసుండాలె."

నిజమే. ఎముక కింద ఉండే సన్నటి పట్టీ పీజో. స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. వంటింటి గ్యాస్ లైటర్‌లో నిప్పురవ్వ పుట్టేదీ అలాగే. నొక్కుడు అందని చోట పట్టీ ఏం వింటుంది? ఇంకో లెక్క కూడా ఉంది. కొత్త పట్టీ పాతదానికంటే ఎంత మందమో, ఎముక అడుగున అంత తీసేయాలి. మిల్లీమీటరు మరిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అర మిల్లీమీటరు లేస్తుంది, వాయించే వేళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

శాడిల్ కింది ఈ పీజో పట్టీని వాడుకలోకి తెచ్చినవాళ్లలో ముందువరసలో ఉన్న ఓవేషన్ గిటార్ల కంపెనీని 1960లలో పెట్టింది ఛార్లెస్ కామన్ అనే హెలికాప్టర్ల ఇంజనీరు. అదురు గురించి ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

చెక్క వాద్యానికి కరెంటు తగిలించాలా వద్దా అన్న తగువు మనవాళ్లకీ కొత్త కాదు. వీణకి కాంటాక్ట్ మైకు పెట్టొచ్చా అని సభల్లో వాదించుకున్న రోజులున్నాయి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆ తగువే పెట్టుకోలేదు. మామూలు మాండొలిన్‌లో నాదం గమకానికి నిలవదు కాబట్టి, కరెంటు కోసమే చేసిన ఐదు తీగల వాద్యం పట్టుకున్నాడు. అకూస్టిక్ గిటార్ వాళ్లం మేం మధ్యలో ఇరుక్కున్నాం. చెక్క పలుకూ కావాలి, హాలంతా వినబడాలి. ఖవ్వాలీ మేళంలో హార్మోనియం ముందు మైకు పెట్టినట్టు గిటార్ ముందూ పెట్టుకోవచ్చు. కానీ పెళ్లి హాల్లో పక్కనే మనిషెత్తు స్పీకర్లుంటే ఆ మైకు కూత పెడుతుంది. అందుకే పట్టీ తప్పదు. దాంతోపాటు గుండీల పెట్టె కూడా గిటార్‌లోనే ఉండాలని ఎవరన్నారు?

నేను కొత్త పెట్టె వేయించలేదు. కన్నానికి పల్చటి చెక్క బిళ్ల, శాడిల్ కింద కొత్త పట్టీ, మిగతా సరంజామా అంతా బయట కాలి దగ్గర పెట్టుకునే డబ్బాలో. అది చెడితే అదొక్కటే మారుస్తాను. జాక్ కోసం మాత్రం అడుగు కొసన పన్నెండు మిల్లీమీటర్ల కన్నం తప్పలేదు. ఒక కన్నం మూసి ఇంకోటి కొట్టమంటావా అని చాచా నవ్వాడు. అక్కడ లోపల మందపాటి దిమ్మ ఉంటుంది, ఆ కన్నాన్ని ఓర్చుకుంటుంది.

మా మేనల్లుడికి ఇదేం నచ్చలేదు. "గుండీలు లేకపోతే చీప్ గిటార్ అనుకుంటారు మామయ్యా" అన్నాడు. వాడి గిటార్‌కి వాడు వెలుగులు చిమ్మే ట్యూనరున్న పెట్టె ఎంచుకున్నాడు. కొనే ముందు కన్నం కొలత మాత్రం నా చేతే తీయించాడు, లోతుతో సహా.