టుక్రీ అంచు మీది పనితనం

లంబాడా ఆడవాళ్ల కట్టు అనగానే అందరికీ అద్దాలు కుట్టిన లంగా, పేటియానే గుర్తొస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల్లో ఆ కట్టు వదలని పెద్దవాళ్లను చూసినప్పుడు మాత్రం తల దగ్గర్నుంచి చూడాలి. తల మీంచి వీపు మీదికి జారే పైగుడ్డ టుక్రీ. నుదుటి మీదికి వచ్చే దాని అంచు ఘుంగ్టో. గుడ్డ కనపడనంత చిక్కగా అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టేది అక్కడే. ఆ బరువుకు టుక్రీ గాలికి లేవదు.

అద్దానికి రంధ్రం ఉండదు, జిగురు ఉండదు. అద్దాన్ని గుడ్డ మీద పెట్టి, రెండు పోగులు నిలువుగా, రెండు అడ్డంగా బిగించి లాగుతారు. తర్వాత సూదిని ఆ పోగుల కిందినుంచి తీసి, మళ్లీ గుడ్డలో గుచ్చుతూ అద్దం చుట్టూ తిప్పుతారు. ఒక్కో కుట్టుకూ పోగులు అంచు వైపు జరిగి, మధ్యలో అద్దం బయటపడుతుంది. బిగువు కాస్త తగ్గితే అద్దం ఊడిపోతుంది. దీనికి ముందుగా గీసుకున్న ముగ్గంటూ ఉండదు, అంతా కంటి లెక్కే.

చెవుల పక్కన జడపాయలకు టోప్లి అనే నగ, దానికి వేలాడే వెండి ఘూగ్రీలు. ఇవి పెళ్లయిన ఆడదాని గుర్తు; భర్త పోతే తీసేయాలంటారు. ఆ నియమం పోవాల్సిందే, పనితనం మాత్రం నిలవాలి.

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కన్‌లో సైన్యాల వెంట తిరిగిన జాతి లంబాడాలు. స్థిరమైన ఇల్లు లేనివాళ్లకు ఆస్తి ఒంటి మీదే ఉండాలి. హారాల్లో వెండి రూపాయలు చేరింది అందుకే. రైళ్లు వచ్చాక బిడారులు ఆగాయి, తండాలు వెలిశాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి వరినాట్లు పెరిగాక, బురదలో బరువైన పేటియా కన్నా చీరే సులువైంది. రోజువారీ కట్టు పండుగ కట్టుగా మారడం డెన్మార్క్‌లోని ఫానో దీవిలోనూ జరిగింది. పొలంలో ఎండకు, ఇసుకకు ముఖానికి ముసుగు వేసుకున్న అక్కడి ఆడవాళ్ల కట్టు ఇప్పుడు పండుగల్లోనే కనిపిస్తుంది. ఇక్కడా పేటియాను తీజ్‌కు, ఫిబ్రవరి 15న తమ గురువు సేవాలాల్ జయంతికి పెట్టెలోంచి తీస్తున్నారు.

పండుగకైనా తీస్తున్నారు కదా అని సరిపెట్టుకోలేను. కట్టుకునేవాళ్లున్నా కుట్టేవాళ్లు లేకపోతే మిగిలేది మిషన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దమే. కర్ణాటకలోని సండూరులో లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్‌కెక్కింది. మన తండాల్లోనూ ఆ సూది పట్టిన చేతులున్నాయి. గిరిజన గురుకులాల్లో ఆ అవ్వలను కూర్చోబెట్టి, రోజుకూలి కాకుండా గురువుకిచ్చే జీతమిచ్చి నేర్పించాలి.

కొనేవాళ్లు గుడ్డను తిరగేసి చూడాలి. చేతికుట్టయితే అద్దం వెనక పోగులు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. అతికించిన అద్దమైతే వెనకవైపు కుట్టే ఉండదు.