ఇజ్జత్ పాసు రాని సీమ

ఇజ్జత్ అంటే పరువు. ఉర్దూ రానివాళ్ళకీ తెలిసిన మాటే. 2009లో రైల్వే మంత్రిగా మమతా బెనర్జీ బడ్జెట్ చదువుతూ ఈ మాటని ఓ పాసుకి పేరుగా పెట్టారు. నెలకి 1500 రూపాయల లోపు సంపాదన ఉన్నవాళ్ళకి 25 రూపాయలకే నెల పాసు. వంద కిలోమీటర్ల దాకా ఎన్నిసార్లయినా తిరగొచ్చు. పేదవాడి రైలు ప్రయాణానికి మా భాషలోంచి పేరు తీసుకున్నందుకు మేం మురిసిపోయాం. వార్త తెలుగులో రాసేటప్పుడు 'గౌరవం' అని మార్చబుద్ధి కాలేదు. ఇజ్జత్ అనే ఉంచాం.

మురిసిపోయాక గుర్తొచ్చింది, మామిడికుదురుకి రైలు లేదని.

అసలు కోనసీమకే లేదు. కోటిపల్లి - నరసాపురం లైను గురించి వినీ వినీ మా పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, రైలు రాలేదు. ఈ మండలం నేల కింద గ్యాసు పట్టుకుపోడానికి మాత్రం పైపులు ఎప్పుడో పడ్డాయి. 2014 జూన్ 27 తెల్లారుజామున పక్కనున్న నగరంలో ఆ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. గ్యాసు ప్రయాణానికి దొరికిన దారి మనిషికి దొరకలేదు. ఇక్కడివాడు ఆ 25 రూపాయల పాసు వాడుకోవాలంటే ముందు బస్సెక్కి రాజోలు, దిండి దాటి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరాలి. ఆ బస్సుకి పూర్తి ఛార్జీ.

పోనీ రైలున్న ఊళ్ళలోనైనా ఇజ్జత్ ఊరికే చేతికొచ్చిందా? పేదవాణ్ణని రాయించుకోవాలి. దారిద్ర్యరేఖ కార్డో, అధికారి ఇచ్చిన ఆదాయ పత్రమో, ఎంపీ గారి సిఫారసో తేవాలి. పరువని పేరు పెట్టి, అది ఇవ్వడానికి నాలుగు గుమ్మాల ముందు నిలబెట్టారు. మన పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్న అమెరికాలోనూ ఇదే పద్ధతి. సియాటిల్‌లో 2015 నుంచి, న్యూయార్క్‌లో 2019 నుంచి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి బస్సు ఛార్జీ తగ్గించి ఇస్తున్నారు. ముందు ఆదాయం రుజువు చేసుకోవాలి. మా దీన్‌లో జకాత్ అందవలసిన ఎనిమిది రకాల మనుషుల్లో 'ఇబ్నె సబీల్' అని ఒకడున్నాడు. దారిన పోయేవాడు, ముసాఫిర్. ఊళ్ళో వాడికి ఎంత ఆస్తి ఉందన్నది ఎవరికీ పట్టదు, దారిలో చేతిలో డబ్బు లేకపోతే చాలు. మా పెద్దలు ఈ సంగతి మసీదులో చెబుతారు. బస్టాండులో ఎప్పుడూ చెప్పలేదు.

మన ఆర్టీసీ పద్ధతి ఇంకో రకం. చదువుకునే పిల్లలకి పాసులిచ్చింది, అరవై దాటినవాళ్ళకి పాతిక శాతం తగ్గించింది. మంచిదే. క్యాట్ కార్డు, వనితా కార్డు అని పెట్టి పది శాతం రాయితీ ఇచ్చింది. అయితే ముందు డబ్బు కట్టి కార్డు కొనుక్కోవాలి. రోజుకూలీ దగ్గర అన్నిటికంటే ముందు ఉండనిది ఆ 'ముందు డబ్బే' కదా! అక్రెడిటేషన్ ఉన్న జర్నలిస్టులకీ పాసులున్నాయి. మా జేబులోనూ ఉంది. దాన్ని ఎవరూ ఉచితం అని వెక్కిరించలేదు, తాయిలం అని సంపాదకీయం రాయలేదు. మాది రాయితీ. పనిమనిషిది ఉచితం. ఉర్దూలో ముఫ్త్ అన్నా, ఖైరాత్ అన్నా, హఖ్ అన్నా మూడూ మూడు వేర్వేరు సంగతులు. తెలుగు పత్రికల్లో మేం మూడింటినీ ఒకే మాటలో కుక్కేశాం.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చింది. అంతకు ముందే కర్ణాటకలో, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఇలాంటి పథకాలు నడుస్తున్నాయి. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల బస్సుల్లో ఆడవాళ్ళకి, ట్రాన్స్‌జెండర్లకి జీరో టికెట్. రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, నీ సంపాదనెంత అని కండక్టరు అడగడు. డబ్బున్న ఇల్లాలు కూడా ఎక్కుతోందే అని గొణిగేవాళ్ళున్నారు. ఎక్కనివ్వండి. ఆమె పక్కన కూర్చున్న మా ఖాలా ఎవరి దగ్గరా పేదరాలినని రాయించుకోలేదు. ఇజ్జత్ అన్న పేరు ఈ టికెట్టుకి పెట్టాల్సింది.

ఆ ఖాలా మామిడికుదురులో అమలాపురం బస్సెక్కింది, భర్తతో కలిసి. షుగరు మనిషి. మాటల్లో చెప్పింది: "ఇదివరకు ఇద్దరికీ టికెట్టంటే ఎక్కడవుద్ది బాబూ? ఈయనే ఎల్లి నా పేరు చెప్పి మందులు తెచ్చేవోరు. మనిషిని చూడకుండా ఎన్నాళ్ళిస్తాం అని డాక్టరు గారు కేకలేసేవోరంట."

మా ఆడవాళ్ళు బురఖా వల్ల ఆసుపత్రికి రారని, పర్దా వల్ల కాలేజీకి పోరని ఎంతమంది రాశారో! మేమూ రాశాం. ఆమెని గడపలో ఆపినవాటిలో బస్సు ఛార్జీ ఒకటని మాకు తట్టలేదు. పర్దా బరువు లేదని మేం అనం. బస్సు ఉచితమయ్యాక 'ఆడోళ్ళు తిరుగుళ్ళు మరిగారు' అంటున్న మావాళ్ళని చూస్తున్నాం. గుడ్డని చూసినవాళ్ళు చిల్లరని చూడలేదనే మా ఫిర్యాదు.

అలాగని ఈ పథకానికి సలాం కొట్టి ఊరుకోలేం. జీరో టికెట్ కావాలంటే ముందు బస్సు రావాలి. హైవే మీదున్న మామిడికుదురు సెంటర్లో బస్సులు ఆగుతాయి. లంకవైపు లోపలి ఊళ్ళవాళ్ళు అక్కడిదాకా రావటానికి సర్వీసు ఆటోకి ఇచ్చుకోవలసిందే. ఆ ఆటో తోలేది చాలాచోట్ల మా కుర్రాళ్ళే. భార్యకి బస్సులో మిగిలింది భర్తకి ఆటోలో తరిగింది. ప్రభుత్వానికీ ఇది తెలిసే, అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' అంటూ తలా పదిహేను వేలు వేసింది. ఏడాదికి పదిహేను వేలు. రోజుకెంతో లెక్కేసుకోండి.

ఇక మగ పేదవాడు. కుట్టుమిషన్ మీద వంగి నడుం పోయినవాడు, సంతల్లో గాజులమ్మేవాడు, కొబ్బరి వలిచేవాడు. వీళ్ళ పేదరికాన్ని రేషన్ డిపో గుర్తిస్తుంది, బస్సు గుర్తించదు.

ఆరోజు బస్సులో ఖాలా రేషన్ కార్డు చూపించింది. కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆమె భర్త అదే కార్డు మళ్ళీ ముందుకు చాపాడు, అందులో తన పేరూ ఉంది కదా అని. "మీకు చెల్లదండి" అన్నాడు కండక్టరు, మర్యాదగానే. పెద్దాయన లాల్చీ జేబులోంచి నోట్లు తీసి విప్పుతుంటే ఖాలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.