ప్రశ్నించునది యంత్రము, వినునది ఎవరు?

జనాభా లెక్కలకు ఇల్లిల్లు తిరిగిన ఉపాధ్యాయులకు ఒక సంగతి అనుభవమే. వయస్సు, చదువు, వృత్తి అడిగినంతసేపు జవాబులు చకచక వచ్చును. కొంచెము లోపలి ప్రశ్న వేయగానే ఇంటివారు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. పరాయివాని ఎదుట చిన్నబోవుటకు ఎవరిష్టపడుదురు? ఈ సంకోచము సర్వేలను పెడదారి పట్టించును. ఇటీవల కొందరు మనిషికి బదులు కృత్రిమ మేధచేత, ఫోనులోనో తెరమీదనో, ప్రశ్నలు అడిగించుచున్నారు. ఖర్చు తక్కువ, పైగా యంత్రము ముందు సిగ్గెందుకని వారి వాదము.

వాదములో నిజము లేకపోలేదు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2014లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. తెరమీద ఒక స్త్రీ బొమ్మ ప్రశ్నలు వేయును. దానిని యంత్రమే నడుపుచున్నదని కొందరికి, వెనుక మనిషి ఉన్నాడని మరికొందరికి చెప్పిరి. యంత్రమే అని నమ్మినవారు తక్కువ జంకుతో మాటలాడిరి, దుఃఖమును దాచుకొనలేదు. బాగున్నది. కాని ఎవరు ఎంతగా మనసు విప్పిరో అంచనా కట్టినదెవరు? పరిశీలకులు, అనగా మనుష్యులే! ప్రయోగశాలలో ఇందుకు ముందుగా సమ్మతి తీసికొనుట ఆచారము. బజారులో జరుగు సర్వే సంగతి వేరు.

"నేను యంత్రమును" అని ముందే చెప్పవలెనను నియమమును పలువురు మొదటి సూత్రముగా చెప్పుచుందురు. నా దృష్టిలో అది సగము నిజమే. ఆ మాట విన్నవాడు జాగ్రత్తపడడు, ఇంకను ధైర్యము తెచ్చుకొనును. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ప్రకటించిన 'ఎలైజా' మన మాటలనే తిప్పి ప్రశ్నగా అడుగు ప్రోగ్రాము, అంతే. అది తయారగుచుండగా నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శియే, దానితో రెండు మాటలాడి, ఆయనను గది వెలుపలికి పొమ్మన్నదట. ఆ సంభాషణలను తాను తరువాత చూచు ఏర్పాటు చేసెదనని ఆయన అనగానే, ఇది గూఢచర్యమని అందరును విరుచుకుపడిరి. యంత్రమని వారికి తెలియును. వెనుక చదువువాడొకడు ఉండునని మాత్రము తోచలేదు. కనుక ఈ మాటలను ఎవరు చదువుదురు, ఎన్నాళ్లు దాతురు, వద్దన్నచో చెరిపివేయుదురా అనునవి కూడ మొదటనే చెప్పవలెను.

జనాభా లెక్కల వివరములను ఇతరులు తనిఖీ చేయుటకు గాని, సాక్ష్యముగా చూపుటకు గాని సామాన్యముగా వీలులేదని 1948 నాటి చట్టము. వ్యక్తుల సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చేసిన చట్టమో, పరిశోధనకు, గణాంకములకు షరతులతో మినహాయింపు ఇచ్చినది. అందుచేత బరువంతయు సర్వే చేయువారి మీదనే పడుచున్నది.

ఇంకొక మాట. కోడలు జవాబు చెప్పుచుండగా అత్తగారు గడపలో అడుగు పెట్టినచో, అనుభవముగల గణకుడు చప్పున ప్రశ్న మార్చును. కంట నీరు చూచినచో పుస్తకము మూయును. యంత్రము, జవాబు రాలేదని అదే ప్రశ్న మరల అడుగవచ్చును. అట్టివేళ మనిషిని పిలుచు ఏర్పాటులేని యంత్రమును మన హైస్కూలు పిల్లల యొద్దకు పంపుటకు నేను ఒప్పుకొనను.