బామ్మ చేతి వత్తి
ఇంటెడు చాకిరీ ముగించుకున్న బామ్మ మధ్యాహ్నపు తీరికలో చేసే దీపపు వత్తిని ఎవరూ పనితనంగా లెక్కించరు గాని, అందులోని నేర్పు సామాన్యమైనది కాదు. గింజలు తీసిన పత్తిని విడదీసి, నలకలు ఏరి, పోగు జారకుండా వేలికొసలకు విభూతి అద్దుకుని పురిపెట్టే ఆమె, పురి మరీ బిగిస్తే నూనె పైకి ఎక్కదనీ, వదులైతే వత్తి త్వరగా కాలిపోతుందనీ చూపుతో కాక స్పర్శతోనే గ్రహిస్తుంది. ఎనభయ్యేళ్లు దాటి చూపు మందగించినా ఆ చేతులు తడబడకపోవడానికి కారణం ఇదే. అడుగు గుండ్రంగా, కొస సన్నగా ఉండి ప్రమిదలో నిటారుగా నిలిచే పువ్వొత్తి అన్నిటికన్నా కష్టమైనది. కార్తిక పౌర్ణమికి, ఏడాదిలో రోజుకొకటి చొప్పున, 365 వత్తుల కట్టలు ముందుగానే సిద్ధం చేసి కోడళ్లకూ ఇరుగుపొరుగుకూ పంచుతుంది. అంగడి వత్తులు చూడ ముచ్చటగానే ఉంటాయి. నిలకడగా వెలగడంలో మాత్రం మంచి చేతివత్తికి సాటిరావు.