బార సాగాలి, ఊపిరి వదలాలి

జంషెడ్‌పూర్‌లో వేసవి ఉదయం. జేఆర్‌డీ టాటా క్రీడాప్రాంగణంలోని ఈత కొలనులో పన్నెండేళ్ల కుర్రాడు ఫ్రీస్టయిల్ ఈదుతున్నాడు. చేతులు టపటపా నీటిని కొడుతున్నాయి. నాలుగు బారలకోసారి తల పైకెత్తి గాలి మింగుతున్నాడు. తల లేచిన ప్రతిసారీ నడుము కుంగుతోంది, కాళ్లు దిగిపోతున్నాయి. సగం దూరంలోనే గట్టు పట్టుకున్నాడు. వాడికి బలం చాలక కాదు, ఉన్న బలం ముందుకు పోవడానికి పనికిరాక ఆగిపోయాడు.

ఈ ఈతకు మనవాళ్లు ఏనాడో పేరు పెట్టారు: బార ఈత. బార అంటే రెండు చేతులూ బార్లా చాపినంత పొడవు. బావి లోతు, చేంతాడు పొడవు దానితోనే కొలిచేవాళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారానికి పనికొచ్చిన మా తాతగారి తరం, వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని ఊరి బావుల్లో ఈత నేర్చుకుంది. ఈ ఈతలోని కిటుకంతా ఆ పేరులోనే ఉంది. చేతిని ఎంత వేగంగా తిప్పామన్నది కాదు, ఎంత చాపామన్నదే ముఖ్యం.

చేయి భుజానికి సూటిగా, వేళ్లు ముందుగా నీటిలోకి దిగాలి. చేయి తల మధ్యగీతను దాటిందా, ఒళ్లు పాములా వంకర తిరుగుతుంది. దిగిన చేతిని వెంటనే కిందికి నొక్కితే తల లేస్తుందే గానీ మనిషి కదలడు. ముందు బార సాగాలి. ఆ తర్వాత మోచేయిని పైనే నిలిపి ముంజేతిని కిందికి వంచితే, అరచేయీ ముంజేయీ కలిసి ఒకే తెడ్డవుతాయి. ఆ తెడ్డుతో నీటిని తొడదాకా వెనక్కి నెట్టాలి. మోచేయి జారితే పట్టిన నీరూ జారిపోతుంది. నీటి బయట మాత్రం చేయి సడలాలి, మోచేయే ముందు లేవాలి. మొండెం అటూ ఇటూ దొర్లుతుంటే బార మరో జానెడు సాగుతుంది, భుజం మీద భారమూ తగ్గుతుంది.

ఊపిరి దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. ముఖం నీటిలో ఉన్నంతసేపూ గాలి బిగబట్టి, తల తిప్పిన క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. ఆ ఉక్కిరిబిక్కిరికి చాలాసార్లు కారణం ప్రాణవాయువు తగ్గడం కాదు, వదలని బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవడం. అందుకే నీటిలో ముక్కుతో, నోటితో బుడగలు ఆగకుండా వదులుతూ ఉండాలి. గాలికోసం తల ఎత్తక్కర్లేదు. ముందుకు సాగే తల పక్కన నీటిలో చిన్న పల్లం ఏర్పడుతుంది. మొండెంతో పాటే తల తిప్పి, ఒక కన్ను నీటిలోనే ఉంచి, నోరు ఆ పల్లంలో తెరిస్తే చాలు. మూడు బారలకోసారి పీలిస్తే రెండు వైపులా అలవాటవుతుంది. ఆయాసమైతే రెండింటికే పీల్చండి, తప్పేమీ లేదు.

సాధనకు మూడు పనులు చాలు. పిడికిలి బిగించి కొంత దూరం ఈదితే ముంజేయి విలువ తెలుస్తుంది. ఒక చేయి ముందుకు చాపి పక్కకు ఒరిగి కాళ్లాడిస్తే తూకం కుదురుతుంది. కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని బారలో లెక్కపెడితే మెరుగుదల కళ్లకు కడుతుంది. నీటి అడుగున ఊపిరి బిగబట్టే పందేలు మాత్రం వద్దు, స్పృహ తప్పి ప్రాణాలు పోతాయి.

2021లో హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 47 ఏళ్ల వయసులో పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈది దాటారు. అంతసేపు కండబలం ఒక్కటే మోయదు. ఒక బార, ఒక ఊపిరి, మళ్లీ ఒక బార, అంతే. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఈ ఊళ్లో పెరిగే పిల్లలకు ఈ విద్య పతకానికి ముందు ప్రాణరక్ష.

ఆ కుర్రాడు గట్టు పట్టుకునే ముఖం నీటిలో ముంచి బుడగలు వదలడం మొదలుపెట్టాడు. రెండు వారాలు అదే పని. మొన్న ఆగకుండా ఆ చివర తాకి, వేళ్లు మడిచి లెక్క చెప్పాడు: అంతకు ముందు రోజుకంటే ఆరు బారలు తక్కువ.