కలంకారీ అంగడి – యంత్రపు కొనుగోలు
శ్రీకాళహస్తి కలంకారీని కలముతో గీయుదురు. మచిలీపట్నపు కలంకారీని చెక్క అచ్చులతో అద్దుదురు. అంగడికి పోయినవాడు గుడ్డను తిప్పి చూచి భేదమెరుగును. అతని బదులు అంతర్జాలములో బేరము చూచు కృత్రిమ మేధకు పుటలోని వ్రాతయే ముఖ్యాధారము. బొమ్మ పెట్టి ‘కలంకారీ చీర’ అని ఊరకున్నచో, మరయచ్చు గుడ్డయు చేతిపనియు దానికొక్కటే. చౌకదే గెలుచును, కళాకారుడు నష్టపడును.

2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ సంస్థలు ఆరంభించిన ‘స్కీమా డాట్ ఆర్గ్’ పదజాలముతో ధర, నిలువ, పదార్థము యంత్రమునకు విడివిడిగా తెలుపవచ్చును. ఇది మేలే, కాని చాలదు. అచ్చు గుడ్డకు ‘చేతిపని’ అని వ్రాసినను యంత్రము నమ్మవచ్చును. కావున భౌగోళిక సూచిక క్రింద కళాకారునికి గల నమోదు సంఖ్యను కూడ చేర్చవలెను. చదువుటకు వీలైన మాట వేరు, సరిచూచుటకు వీలైన మాట వేరు.