మాత్రకో వేళ, మోకాలికో వేళ

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవాళ్లకు వ్యాయామం చేయించడం నా వృత్తి. లోపలికి వెళ్లగానే నొప్పి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారని అడుగుతాను. కాలు చూడటం ఆ తర్వాతే. గుంటూరులో నేను చూసే పెద్దవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, చాలామంది చెప్పే జవాబు ఒకటే: "వేసుకోలేదమ్మా, ఓర్చుకుంటున్నా." పక్కనున్న కొడుకో కోడలో "మా అమ్మకు ఓపిక ఎక్కువండీ" అని మెచ్చుకుంటారు. నాకు దిగులు మొదలయ్యేది అక్కడే.

ఈ ఆపరేషన్ తర్వాత నొప్పిని ఓర్చుకుంటున్నామంటే కాలు కదపకుండా పడుకుంటున్నామనే అర్థం. కదిపితే నొప్పి కాబట్టి కదపరు. కదపని కీలులో గాయం మానే క్రమంలో గట్టి పొరలు ఏర్పడి మోకాలు బిగుసుకుపోతుంది. మొదటి ఆరు వారాల్లో వంగని మోకాలిని ఆ తర్వాత వంచడం చాలా కష్టం. కొందరికి మళ్లీ మత్తిచ్చి వంచాల్సి వస్తుంది. నొప్పి బిళ్ల ఇచ్చేదే లేచి కదలడానికి. ఈ పనిలో నేను గట్టిగా నమ్మే మాట ఇది.

ఆపరేషన్‌లో తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను కోసి లోహపు తొడుగులు అమరుస్తారు. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. గుజ్జు అరిగిన పాత నొప్పి పోయి, ఎముక కోసిన కొత్త నొప్పి వస్తుంది. ఆపరేషన్ రోజు ఇచ్చిన నరాల బ్లాక్, కీలు చుట్టూ వేసిన మత్తు ఇంజెక్షన్లు ఒకటి రెండు రోజులు కాపాడతాయి. మొదటి రోజే వాకర్ పట్టుకుని నడిచిన మనిషి ఇంటికొచ్చాక సలుపుతో అల్లాడి, ఆపరేషన్ చెడిందేమోనని భయపడిపోతుంది. చెడిపోయిందేమీ లేదు. మత్తు దిగింది, వాపు పెరిగింది, అంతే. ఈ సంగతి ముందే చెబితే సగం భయం పోతుంది.

నొప్పి బాగా ముదిరాక వేసిన మాత్ర దాన్ని తొందరగా దించలేదు. అందుకే మొదటి రెండు మూడు వారాలు నొప్పి ఉన్నా లేకున్నా డాక్టర్ రాసిన వేళకు వేసుకోవాలి. మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఏడింటికి వేసుకుంటే ఎనిమిదింటికి వ్యాయామం.

నొప్పి మాత్రలతో కిడ్నీలు పాడవుతాయన్న భయం ఉత్తిది కాదు. వాపు తగ్గించే మాత్రలు కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు సరిపడకపోవచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు చెబితే పారాసెటమాల్ లాంటి వేరే మందులతో నడిపిస్తారు. చెప్పకుండా అన్నీ మానేయడం, మందుల షాపులో అడిగి ఇంకోటి కలుపుకోవడం రెండూ ప్రమాదమే. ట్రమడాల్ బిళ్లల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. తెలియక విడిగా మళ్లీ వేసుకుంటే మోతాదు మించి కాలేయానికి దెబ్బ. ట్రమడాల్‌తో మలబద్ధకం కూడా వస్తుంది. నీళ్లు, పండ్లు, ఆకుకూరలు కావాలి. చీము పడుతుందని పప్పు మాన్పించకండి. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం.

ఈ మధ్య ఒక రిటైర్డ్ టీచరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆపరేషన్ అయిన కాలి కింద మడిచిన పాత పేపరు పెట్టాను. గ్రానైట్ నేల మీద పేపరు జారుతుంది కాబట్టి పాదం ఎత్తకుండానే వెనక్కి లాక్కోవచ్చు. ఊపిరి వదులుతూ లాగారు. కుర్చీ అంచు కిందికి వచ్చేసరికి పాదం ఆగింది, చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. "ఇంక రాదమ్మా." "లాగొద్దు పిన్నిగారూ, అక్కడే ఉంచి అయిదు లెక్కపెట్టండి." లెక్క పూర్తయ్యేసరికి బిగిసిన తొడ కండ వదులైంది, పాదం ఇంకో వేలెడు వెనక్కి వెళ్లింది. కొలిస్తే 85 డిగ్రీలు. 90 దాటితే కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం తేలికవుతుంది. ఆమె ఆ పొద్దున మాత్ర మానేసి ఉంటే ఆ వేలెడు వచ్చేది కాదు.

వంచేటప్పుడు లాగినట్టుండే నొప్పి, ఆపాక కాసేపట్లో తగ్గితే భయం లేదు. మర్నాటికి మోకాలు ఇంకా వాచి, నొప్పి పెరిగితే నిన్న ఎక్కువ చేసినట్టు. ఆ రోజు తగ్గించాలి, మానకూడదు. వ్యాయామం అయ్యాక కాలు ఎత్తులో పెట్టి, బట్ట చుట్టిన ఐస్ ప్యాక్ పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచాలి. వాపు ఉన్నన్నాళ్లు కాపడం వద్దు. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు చక్కగా చాపడం రాదు. దిండు మడమ కింద ఉండాలి. పిక్క వాచి నొప్పి చేసినా, కుట్ల దగ్గర చీము వచ్చినా, చలిజ్వరం తగిలినా సర్జన్‌కు వెంటనే చెప్పాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే తిన్నగా ఆసుపత్రికే.

ప్రధానిగా ఉండగా వాజపేయి 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. మనవాళ్లు చాలామంది దీని పేరు విన్నది అప్పుడే. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ కీలు ధరకు హద్దు పెట్టింది. ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చు అని ఇళ్లలో నెలల తరబడి వాకబు చేస్తారు. ఇంటికొచ్చాక మొదటి నెల ఎలా గడపాలన్నది మాత్రం ఎవరూ అడగరు. డిశ్చార్జి రోజు ఆ మాట అడిగి తీరాలి.

క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించండి: మాత్ర వేళ, వ్యాయామం వేళ, ఐస్ వేళ. నొప్పి ఉందా అని అడిగితే అమ్మ "పర్లేదు" అనే అంటుంది. రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున కాలు వంచగలిగావా అని అడగండి. లేదని చెబితే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. తగ్గని నొప్పికి మందు మార్చడానికి ఆయన చేతిలో చాలా దారులుంటాయి. బిగుసుకుపోయిన మోకాలికి అన్ని దారులుండవు.